వదిన కుట్టేసిన పేజీలు

పుస్తకాలు చింపే పిల్లల్ని చూశాను. పేజీల మధ్య బిస్కెట్లు దాచుకునే పిల్లల్ని చూశాను. రాజకుమారికి పెన్నుతో మీసాలు దిద్దే పిల్లల్నీ చూశాను. లైబ్రరీలో పిల్లల గది చూసుకునే ఉద్యోగంలో ఇవన్నీ మామూలే. కానీ నవలలో పేజీల్ని సూదీ దారంతో కుట్టేసి, ఏమీ ఎరగనట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టే మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆవిడ మా వదిన. సొంత అన్నయ్య భార్య. కింది వాటాలో వాళ్లుంటారు, పై గదిలో నేనుంటాను, కాబట్టి ఆవిడని తప్పించుకునే దారి కూడా నాకు లేదు.

ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ముందు కోపమే ముంచుకొస్తోంది. సరే, కోపంతోనే మొదలుపెడతాను. కూతురికి భయమన్నది తెలియకుండా పెంచాలని వదిన పంతం. ఆ పంతంతోనే పిల్ల చదివే నవలల్లో భయపెట్టే పేజీలన్నీ కుట్టుకుంటూ పోయింది. చివరికి తన కడుపులో గడ్డ ఉందనీ, ఆపరేషన్ చేసి తీయాలనీ డాక్టరు చెప్తే, ఆ సంగతిని కూడా పిల్లకి కనపడకుండా మూసేయాలని చూసింది.

వదిన టైలరు. వీధిలోకి తెరుచుకునే ముందు గదే ఆవిడ కొట్టు. కిటికీ పక్కన మిషను, గోడ మేకులకి స్కూలు యూనిఫాములు, బల్ల కింద గుడ్డ ముక్కలు కుక్కిన గోనెసంచి. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉంటుంది. పెదాల మధ్య గుండుసూదులు ఉండగానే ధారాళంగా మాట్లాడేస్తుంది, చూసేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. కొలతలకి వచ్చిన పిల్లలు ఊపిరి బిగబడితే, "పొట్ట లోపలికి లాక్కోకురా, రేపు ఈ ప్యాంటు వేసుకునేది ఆ పొట్టే కదా" అని గదమాయిస్తుంది. ఆవిడ కుట్టిన చొక్కా చిరుగుతుందేమో గానీ కుట్టు ఊడదు. ఆ మాట నేను ఒప్పుకుంటాను.

కూతుర్ని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. నోరు మూతపడదు మరి. నాలుగో తరగతి. చదవడం వచ్చిన దగ్గర్నుంచీ దానికి మాంత్రికులూ, మాట్లాడే జంతువులూ, గోడలో తలుపు తెరుచుకుంటే వచ్చే వేరే లోకాలూ ఉన్న నవలలు తప్ప ఇంకేవీ ఎక్కవు. మహనీయుల బాల్యం పుస్తకం ఇస్తే మర్నాడే తెచ్చి, "అత్తా, ఇందులో ఎవరూ ఎగరట్లేదు" అంది.

ఆరేళ్లప్పుడు నేనే దానికి ఒక గబ్బిలాల రాణి నవల ఇచ్చాను. గుహలో ఉండే ఆ రాణి పిల్లల గొంతులు దొంగిలించి సీసాల్లో దాస్తుంది. పిల్ల ఎంతో ఇష్టంగా చదివింది. చదివాక మాత్రం దీపం ఆర్పనివ్వలేదు, ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లలేదు, పొద్దున లేవగానే గొంతు ఉందో లేదో చూసుకోవడానికి ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. అది చాలాకాలం సాగింది. అప్పుడు పుట్టింది వదినకి ఈ కుట్టుడు ఆలోచన.

పద్ధతి ఇది. నేను పిల్లకి ఇచ్చిన నవల ముందు వదిన చేతికి వెళ్తుంది. ఒక కాలు మిషను తొక్కుతుంటుంది, పుస్తకం ఎదురుగా గుండుసూదుల దిండుకి ఆనించి ఉంటుంది, బాబిన్‌లో దారం అయిపోయినా చూసుకోదు. చావులు, నెత్తురు, తప్పిపోయిన పిల్లలు, పళ్లు బయటపెట్టే రాక్షసులు ఎక్కడ కనిపించినా ఆ కాగితాల అంచులు కలిపి కుట్టేస్తుంది. తెల్ల కాగితానికి తెల్ల దారం, పసుపు తిరిగిన కాగితానికి మీగడ రంగు దారం. ఈ రంగులు కలపడంలో ఆవిడ పడే శ్రద్ధ చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

"వదినా, ఇది లైబ్రరీ పుస్తకం. నీ కొట్టులో ప్యాంటు కాదు."

"చింపలేదు కదా. కచ్చా కుట్టేగా వేసింది, కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడొచ్చేస్తుంది. నీకంత కష్టంగా ఉంటే లాగేసుకో."

"మరి చిల్లులో?"

"కనపడవు. సన్న సూదితో వేశాను."

గుడ్డకి సూది గుచ్చి తీస్తే నేత మళ్లీ సర్దుకుని చిల్లు పూడిపోతుంది. కాగితం అలా సర్దుకోదు. ఈ ముక్క గోడకి చెప్పినా ఈపాటికి అర్థం చేసుకునేది. నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను, పిల్లల నవలల్లో చీకటి ఊరికే ఉండదు వదినా, దాన్ని దాటి ఆ చివరికి వెళ్లడం నేర్పడానికే ఉంటుంది, భయాన్ని కథలో చూసుకున్న పిల్లలు బయట చూసినప్పుడు తట్టుకోగలరు అని. వదిన నోట్లో సూదులు తీసి, బల్ల మీద పెట్టి, నింపాదిగా అడిగింది.

"చదివిన పిల్ల పక్కలో పడుకునేది నువ్వా, నేనా?"

ఆ మాటతో నా కోపం రెట్టింపైంది. అన్నయ్యని మధ్యవర్తిగా పిలిచి లాభం లేదు. ఆయన లిఫ్టు మెకానిక్. ఇంట్లో గొంతులు లేచాయంటే చాలు, ఊళ్లో ఏదో ఒక లిఫ్టు ఆగిపోతుంది, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోతాడు.

ఇంకా మండే సంగతి ఏమిటంటే, ఆ నవలల మీద పిల్లకంటే తల్లికే మోజెక్కువ. "ఈ రాసినాయనకి పిల్లలున్నారా అసలు? ముసలి మాంత్రికుణ్ణి అలా చంపేస్తాడా? ఏం పాపం చేశాడని?" అని నన్ను నిలదీస్తుంది, నేనేదో దగ్గరుండి రాయించినట్టు. ఆ తిట్లు పూర్తి కాకుండానే గొంతు తగ్గించి, "రెండో భాగం వచ్చిందా? వస్తే ముందు నాకివ్వు" అంటుంది. ఒకసారి మూడో భాగం ఇంకెవరో తీసుకెళ్లారని చెప్తే ఆ రోజంతా నాతో ముభావంగా ఉంది.

లైబ్రరీలో నా పరువు తీసింది కూడా ఈ కుట్లే. ఎవరు కనిపెట్టారో గానీ, కవల పిల్లల తల్లి ఒకావిడ వచ్చి, "మేడమ్, ఆ టైలరమ్మ కుట్టిన కాపీ ఉంటే ఇవ్వండి" అంది. తర్వాత ఇంకో ఆవిడ. కొన్నాళ్లకి కుట్టిన కాపీలకి గిరాకీ పెరిగి, కుట్టని కాపీలు బీరువాలో దుమ్ము పట్టాయి. తల్లులు కుట్టు ఉందని తీసుకెళ్తారు, పిల్లలు కుట్టు దగ్గరే ఏదో గొప్ప సంగతి ఉంటుందని తిన్నగా ఆ పేజీకి వెళ్లి దారం లాగేస్తారు. కవలలైతే ఆ పేజీలు తప్ప మిగతా నవల ముట్టుకోలేదు. వాళ్లమ్మ మళ్లీ వచ్చి, "మీ వదినగారిని కాస్త గట్టిగా కుట్టమనండి" అని సలహా ఇచ్చింది.

మా పెద్ద లైబ్రేరియన్ గారు చాదస్తపు మనిషి. అట్ట వంగితేనే ఆయనకి భోజనం సయించదు. చిల్లులు పడ్డ ఒక నవలని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, "ఇది ఏ పురుగమ్మా?" అని అడిగారు. మా వదినండీ అని ఎలా చెప్పను? మందు చల్లిస్తానని చెప్పి బయటపడ్డాను.

ఇదంతా నవ్వుకునే రోజుల్లో సంగతి. వదినకి కడుపులో నొప్పి మొదలై, పళ్ల బిగువున మిషను తొక్కుతూ కొన్నాళ్లు గడిపి, చివరికి అన్నయ్య బలవంతం మీద ఆసుపత్రికి వెళ్తే, గడ్డ ఉందన్నారు. తీసేయాలి, తీశాక పరీక్షకి పంపాలి, అప్పుడు గానీ అది మంచిదో చెడ్డదో చెప్పలేం అన్నారు. వచ్చే సోమవారం చేరమన్నారు.

ఇంటికి రాగానే వదిన మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మాకు పాఠం చెప్పింది.

"నేను మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. అక్కకి ఒంట్లో బాలేదు, సాయానికి రమ్మంది. దానికి మీరు చెప్పాల్సింది ఇదే. ఇంతకుమించి ఎవరూ నోరు విప్పొద్దు."

"అది పసిపిల్ల కాదు వదినా. దాచితే పసిగట్టేస్తుంది."

"అమ్మాయ్, నీ ఉపన్యాసాలు లైబ్రరీలో ఇచ్చుకో. ఇది నా కూతురు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

"వేయను."

"అయితే ఆపరేషన్‌కి వెళ్లను."

అంత పనీ చేస్తుంది. వేశాను. అన్నయ్య కూడా వేశాడు, వేసి వెంటనే లిఫ్టు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను పై గదికి వెళ్లి తలుపు ధడాలున వేసుకున్నాను. ఆవిడ మీద జాలి పడాల్సిన సమయంలో ఆవిడని పట్టుకుని కుదిపేయాలని అనిపించేలా చేయడం వదినకే చెల్లింది.

ఆ వారంలోనే పిచ్చుక ఒక నవల తిరిగి తెచ్చింది. ఉప్పుతో కట్టిన కోట కథ అది. పడవ నడిపే ఒక తల్లి, ఆవిడ కూతురు, వాళ్లకి తోడుగా ఒక ఒంటికన్ను తోడేలు. మధ్యాహ్నం బడి వదలగానే వచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, కొత్తది అడగకుండా నిలబడింది.

"అప్పుడే అయిపోయిందా?"

"లేదు. సగం చదివాను."

దానికి పుస్తకం సగంలో వదిలే అలవాటు లేదు. జ్వరంలో కూడా దుప్పటి కింద చదివిన పిల్ల. బాగాలేదా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఇంకోటి తీసుకోమంటే, "వద్దత్తా" అంది. అన్నీ రెండేసి మాటలు. పిచ్చుక నోట్లోంచి రెండేసి మాటలు రావడం నేనెప్పుడూ వినలేదు. గదిలో మిగతా పిల్లలు వెళ్లేదాకా ఆగి, చిన్న కుర్చీ లాగి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అత్తా, ఒకటడగనా? ఇందులో వాళ్లమ్మని ఎవరు చంపేశారు?"

"ఏ అమ్మని?"

"పడవ అమ్మని. కోట తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుపోయింది. తర్వాత అమ్మ కుట్టేసింది. కుట్టు అయ్యాక ఆ అమ్మాయి ఏడుస్తూ ఉంది. అంటే లోపల చంపేశారు కదా?"

నేను పుస్తకం తెరిచి చూశాను. అది చెప్పినట్టే ఉంది. ఎడమ పక్క పేజీ చివర తలుపు మూసుకుపోయింది, మధ్యలో మీగడ రంగు దారం, అవతల అమ్మాయి ఏడుస్తోంది.

"ఎలా చంపారో కూడా నాకు తెలుసు," అంది. "లోపల నేలంతా ఉప్పే. గొంతు దాకా పాతేశారు. నీళ్లు నీళ్లు అని అరిచింది, ఎవరూ ఇవ్వలేదు. కళ్లలోకి కూడా ఉప్పు పోశారు." అలా చాలాసేపు చెప్పింది. ఆ రచయిత పెన్ను పట్టిన చేతికి రాని ఘోరాలు తొమ్మిదేళ్ల పిల్ల నోటి వెంట వింటూ నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. "అమ్మ కుట్టేసేవన్నీ అమ్మలు చచ్చిపోయే పేజీలే కదత్తా? మాంత్రికుడి నవల్లో కూడా అంతే. ఇంకో దాంట్లో కూడా అంతే. నాకు తెలుసు."

ముసలి మాంత్రికుడి నవలలో అసలు అమ్మే లేదు.

"దారం లాగి చూసుండొచ్చు కదే! అందరూ లాగుతున్నారు!"

"అమ్మ వద్దంది కదా," అని ఊరుకుంది. నా లైబ్రరీలో ఉన్న పిల్లలందరిలో మాట విన్నది ఇదొక్కత్తే. ఎవరి కోసం ఈ కుట్లన్నీ వేశారో ఆ పిల్ల వాటిని ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఇన్నాళ్లూ తన బుర్రలో తనే రాసుకుంటూ వచ్చింది.

తర్వాత బల్ల మీద గోరుతో గీస్తూ అంది.

"అమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్లట్లేదు కదా?"

"ఎవరన్నారు?"

"పెద్దమ్మ దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మ ఏదో ఒకటి కుట్టి తీసుకెళ్తుంది. ఈసారి ఏమీ కుట్టలేదు. తన నైటీలే సంచీలో పెట్టుకుంది, అన్నీ వదులువి. ఎక్కడికి వెళ్తోందత్తా? తిరిగొస్తుందా?"

ఒట్టేసిన చెయ్యి నాది. పుస్తకం చంకలో పెట్టుకుని, గదికి తాళం వేసి, పెద్దసారుకి తలనొప్పని చెప్పి పిల్లని ఇంటికి లాక్కెళ్లాను. దారి పొడుగునా వదినని మనసులో తిడుతూనే ఉన్నాను.

వదిన సోమవారం లోపల ఒప్పుకున్న యూనిఫాములన్నీ ఇచ్చేయాలని దించిన తల ఎత్తకుండా కుడుతోంది. పిల్లని గుమ్మంలో నిలబెట్టి, పుస్తకం మిషను మీద పడేశాను.

"ఆ తల్లిని ఉప్పులో పాతేసి చంపారట. నీ కూతురు చెప్తోంది."

వదిన అయోమయంగా చూసింది. "ఎవర్ని? పడవ ఆవిడనా? ఆవిడకేమైంది? చివరికి కోటకి ఆవిడే కదా పెద్ద దిక్కవుతుంది."

"ఆ సంగతి నీకు తెలుసు. దానికెలా తెలుస్తుంది? తలుపు మూసుకున్న చోట కుట్టేశావు. ఇన్నాళ్లూ నువ్వు కుట్టిన ప్రతిచోటా ఒక తల్లి చచ్చిపోయిందనుకుంటోంది. ఇప్పుడు నువ్వు సంచీ సర్దుకుని పెద్దమ్మ దగ్గరికంటున్నావు."

"చెప్పేశావా?" అని వదిన లేచింది. మొహం జేవురించింది. "ఒట్టేసి కూడా చెప్పేశావా?"

"అత్త ఏమీ చెప్పలేదమ్మా," అంది పిచ్చుక గుమ్మంలోంచి.

వదిన కూతురి వైపు చూసింది. నా మీద అరవడానికి కూడగట్టుకున్నదంతా ఎక్కడికో పోయింది. కుర్చీలో కూర్చుని, ముడి దగ్గర బ్లేడు పెట్టి కోసి, కొస పట్టుకుని లాగింది. ఆవిడ చెప్పినట్టే దారం మొత్తం ఒక్క లాగుడికి వచ్చేసింది. పిల్లని పక్కన నిలబెట్టుకుని ఆ పేజీలు పైకి చదివింది.

కోట బయట మంచులో ఎవరో ఇనప ఉచ్చు పెట్టారు. తోడేలు కాలు అందులో ఇరుక్కుంది. అమ్మాయి ఉచ్చు విప్పడానికి చేతులు కోసుకుపోయేలా పెనుగులాడింది, కుదరలేదు. తెల్లారేసరికి తోడేలు ఆ అమ్మాయి ఒళ్లో తల పెట్టుకుని చచ్చిపోయింది. అంతే ఉంది అందులో. ఆ చివరి వాక్యాల దగ్గర వదిన కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగింది. మొదటిసారి చదివినప్పుడు కూడా అక్కడే ఏడ్చిందట, అందుకే కుట్టేసిందట. ఇది తర్వాత చెప్పింది.

"తోడేలా?" అంది పిచ్చుక. "అమ్మ కాదా?"

"కాదే."

పిల్ల నవ్వింది. ఎంత నవ్విందో! పగలబడి నవ్వి, ఆ నవ్వు ఆగాక, ఇంకోసారి చదవమంది. రెండోసారి తోడేలు కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "ఇప్పుడు నీ సంగతి చెప్పు" అంది తల్లితో.

వదిన నా వైపు చూసింది. నేను నోరు మెదపలేదు. నేనైతే ఒట్టేసిన మనిషిని.

వదిన చెప్పింది. కడుపులో గడ్డ ఉందని, మత్తు మందిచ్చి కోసి తీస్తారని, తర్వాత పరీక్ష చేస్తారని. మొదట తడబడింది, పిల్ల ప్రశ్నలు వేస్తుంటే దారిన పడింది. గడ్డ ఎంతుంది? నిమ్మకాయంత. నొప్పి పుడుతుందా? మత్తులో తెలీదు, తర్వాత పుడుతుంది. కోశాక కుట్టాలి కదా, ఎవరు కుడతారు? డాక్టరే. "ఆయనకి సరిగ్గా వచ్చా?" అని పిచ్చుక అనుమానంగా అడిగేసరికి వదిన పొట్ట పట్టుకుని నవ్వింది, నొప్పికి మధ్యలో ఆగిపోయింది.

"గడ్డ మంచిదా, చెడ్డదా?"

"ఇప్పుడే తెలీదు. పరీక్షయ్యాక చెప్తారు."

"తెలిశాక నాకు చెప్తావా?"

"చెప్తాను."

"చెడ్డదైనా?"

వదిన మిషను మీద ఉన్న చొక్కా కాలరు సర్దింది, మళ్లీ సర్దింది. "చెడ్డదైనా" అంది.

సోమవారం ఆపరేషన్ అయింది. బాగానే అయింది. వదిన లేని ఇంట్లో పిచ్చుక ఉప్పు కోట పూర్తి చేసింది, దీపం ఆర్పుకుని పడుకుంది, పొద్దున్నే ఆసుపత్రికి వచ్చి తల్లి కుట్లు చూపించమని నర్సుని వేధించింది. నేను మాత్రం గర్వంతో ఉబ్బిపోయాను. చూశావా వదినా, పిల్లలు తట్టుకోగలరని నేను మొదట్నుంచీ చెప్పలేదూ అని మంచం పక్కన కూర్చుని సాధించాను. లేవలేని మనిషి కాబట్టి విన్నది.

కొన్నాళ్లకి పరీక్ష ఫలితం చెప్తాం రమ్మన్నారు. అన్నయ్యకి నిజంగానే ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారు. వదినతో నేనే వెళ్లాను. డాక్టరు చిన్నావిడ, తిన్నగా మాట్లాడే మనిషి. చెడ్డదేనని చెప్పింది. మొత్తం తీసేశామనే అనుకుంటున్నాం, అయినా కొన్ని నెలలు మందులు ఎక్కించాలి, జుట్టు ఊడుతుంది, నీరసంగా ఉంటుంది, ఆ తర్వాత ఎలా ఉందో చూడాలి అంది. వదిన అన్నీ విని, "మిషను తొక్కొచ్చా?" అని అడిగింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది. ఇంటికి వెళ్తే పిచ్చుక గుమ్మంలోనే ఉంటుంది. రోజూ అడుగుతూనే ఉంది, ఫలితం వచ్చిందా, వచ్చిందా అని. స్టాపులు దాటిపోతున్నాయి.

"వదినా," అన్నాను. "ఇవాళ చెప్పొద్దులే. ఇంకా రాలేదని చెబుదాం. దానికి పరీక్షలున్నాయి. అవి అయ్యాక నెమ్మదిగా చూసుకుందాం."

వదిన తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు నాకు చాలాకాలం గుర్తుంటుంది.

"ఏమే, నువ్వేనా ఈ మాట అంటున్నది? ఇన్నేళ్లు నా బుర్ర తినేశావు కదే! చీకటి దాటాలి, భయం చూడాలి అని. ఇప్పుడు నాకు నేర్పుతున్నావా దాచడం?"

"అవి కథలు వదినా."

"దానికి ఆ తేడా నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది. ఆవిడ మీదా, నా మీదా, ఆ డాక్టరు మీదా, గతుకుల్లో బస్సు పోనిచ్చే డ్రైవరు మీదా, అందరి మీదా పట్టరాని కోపం వచ్చింది.

పిచ్చుక గుమ్మంలోనే ఉంది. చెప్పులు విప్పకముందే, "వచ్చిందా?" అంది.

"వచ్చింది. లోపలికి రా, కూర్చో." వదిన కొట్టు గదిలో బల్ల మీది గుడ్డలు పక్కకి నెట్టి చోటు చేసింది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "చెడ్డదేనట" అంది. ముందు ఏ మెత్తని మాటా అనలేదు, ఏ కథా చెప్పలేదు.

"అయితే చచ్చిపోతావా?"

"పోకూడదనే మందులు వాడతారు. చాలామందికి తగ్గుతుందట. కొంతమందికి తగ్గదట. నాకు తగ్గుతుందనే అనుకుంటున్నాను. నాకూ భయంగానే ఉందే."

పిల్ల మొహం ముడుచుకుపోవడం చూశాను. ఇంక చూడలేకపోయాను. పిల్లలు తట్టుకోగలరని ఇన్నేళ్లు ఉపన్యాసాలు దంచినదాన్ని, వంటింట్లోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గట్టు పట్టుకుని ఏడ్చాను. గిన్నె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. ముందు గదిలో వదిన గొంతు వినపడుతూనే ఉంది, మధ్యలో పిల్ల ఏడుపు, మళ్లీ ఏదో ప్రశ్న, మళ్లీ వదిన గొంతు.

కాసేపటికి పిచ్చుక వంటింట్లోకి వచ్చింది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. తల్లికి మంచినీళ్లు కావాలట. గ్లాసు పట్టుకుని, నింపుకుని, కుళాయి కట్టేసి, నన్ను పైకీ కిందకీ చూసింది.

"ఇక్కడ నిలబడ్డావేంటత్తా? అమ్మ ఇంకా చెప్తోంది, రా," అంది.

గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.